ఎస్ప్రెసో మెషీన్: ఇద్దరికి రోజూ కాపుచినో, గ్రైండర్‌తో కలిపి 60 వేలు. ఏది తీసుకోవాలి?

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. ఇంట్లోకి ఎస్ప్రెసో మెషీన్ కొందామని చాలా రోజులుగా అనుకుంటున్నాం. ఇక్కడి పాత చర్చలన్నీ చదివాక క్లారిటీ రాకపోగా కన్‌ఫ్యూజన్ పెరిగింది. అందుకే మా ఇంటి సంగతి చెప్పి అడుగుతున్నా.

మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే. పొద్దున ఏడున్నరకి ఇల్లు దాటాలి. నాన్నగారు మాతోనే ఉంటారు. ఆయనది ఫిల్టర్ కాఫీ, దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. మాకు కావాల్సింది పొద్దున చెరో కాపుచినో, ఆదివారం చుట్టాలొస్తే నాలుగైదు కప్పులు. నేను అప్పుడప్పుడు పాలు లేకుండా కూడా తాగుతా.

చూసినవి: డెలోంగి డెడికా, బ్రెవిల్ బాంబినో, గ్యాజియా క్లాసిక్. బ్రెవిల్ బరిస్టా ఎక్స్‌ప్రెస్ కూడా నచ్చింది కానీ బడ్జెట్ దాటిపోతోంది. షాపులో సేల్స్ అబ్బాయి మాత్రం ఇవేవీ కాదు, "20 బార్ ఉన్న మెషీన్ తీసుకోండి సార్, 15 బార్ పాత మోడల్" అంటున్నాడు. నిజమేనా? ఇంకోటి, గ్రైండర్ విడిగా కొనాలా, మిక్సీలో వేసుకుంటే చాలదా? మాకు వచ్చేది బోరు నీళ్లు, అదీ చెప్పాలి కదా.

బర్ గ్రైండర్ (హైదరాబాద్)

గ్రైండర్‌కి ముందు డబ్బు తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంతో మెషీన్. మిక్సీ మర్చిపోండి.

డికాషన్ దాసు (విజయవాడ)

వచ్చాడండీ, ఎవరు ఏం అడిగినా గ్రైండర్ అనే మహానుభావుడు! సాగరతీరం గారూ, మీ నాన్నగారి ఫిల్టర్‌లోనే ఇంకో రెండు చెంచాల పొడి ఎక్కువేసి, పాలు బాగా మరిగించి, గ్లాసు నుంచి డబరాలోకి ఎత్తి పోసుకుంటే నురగ అదే వస్తుంది. 60 వేలు మిగులు.

బర్ గ్రైండర్ (హైదరాబాద్)

దాసు గారూ, మీ కాఫీ మంచిదే, కాదనను. ఆయన అడిగింది వేరే.

కాస్త వివరంగా రాస్తా. ముందు బార్ సంగతి. అది ఒత్తిడి కొలత. ఎస్ప్రెసోకి కాఫీ పొడి మీద కావాల్సిన ఒత్తిడి 9 బార్ చుట్టుపక్కల. ఇంటి మెషీన్లలో ఉండేది వైబ్రేషన్ పంపు. నీరు బయటికి పోయే దారి పూర్తిగా మూసేస్తే అది ఎంత వరకు తోయగలదో, ఆ అంకె డబ్బా మీద వేస్తారు. 15 అయినా 20 అయినా అంతే. బైకు మీటరు మీద 160 వరకు గీతలున్నంత మాత్రాన బెంజ్ సర్కిల్‌లో 160లో వెళ్లం కదా. మంచి మెషీన్లలో ఎక్కువైన ఒత్తిడిని వదిలేయడానికి ఒక వాల్వ్ ఉంటుంది. గ్యాజియా క్లాసిక్ పాత మోడల్స్‌లో అది కాస్త ఎక్కువకి సెట్ చేసి ఉండేది. జనం స్ప్రింగ్ మార్చి 9కి దించుకునేవారు. తర్వాత వచ్చిన ఈవో ప్రోలో కంపెనీయే 9కి పెట్టి ఇస్తోంది. అంటే బార్ తగ్గించి అదే అప్‌గ్రేడ్ అని అమ్ముతున్నారు. మీ సేల్స్ అబ్బాయికి ఈ ముక్క చెప్పి చూడండి.

ఇక మిక్సీ. బ్లేడు గింజని కొడుతుంది, నూరదు. సగం పిండి, సగం రవ్వ. ఒత్తిడితో వచ్చే నీరు రవ్వ ఉన్న చోట నుంచి దారి చేసుకుని పారిపోతుంది, పిండి ఉన్న చోట చేదు లాగుతుంది. ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ వస్తాయి.

స్పానర్ (సికింద్రాబాద్)

నేను మెషీన్లు రిపేర్ చేస్తా, అమ్మను. ఒక్క సంగతి చెప్పాలి. డెడికాతో పాటు వచ్చే బాస్కెట్లు (పొడి వేసే చిల్లుల గిన్నెలు) డబుల్ వాల్. పొడి కింద రెండు పొరలు ఉండి, బయటికి ఒక్కటే సన్నటి రంధ్రం. ఒత్తిడి పుట్టేది ఆ రంధ్రం వల్ల, మీ పొడి వల్ల కాదు. అందుకే షాపులో కొన్న పొడి వేసినా పైన నురగ కనిపిస్తుంది. గ్రైండర్ కొనని వాళ్లకి ఇది వరమే. గ్రైండర్ కొనేవాళ్లు సింగిల్ వాల్ బాస్కెట్ విడిగా తెచ్చుకోవాలి, 51 మి.మీ. సైజు అడగండి. బాంబినో 54, గ్యాజియా 58. కెఫేల్లో ఎక్కువగా ఉండేది 58 కాబట్టి ట్యాంపర్ (పొడిని అదిమేది), బాస్కెట్ ఏది కావాలన్నా ఆ సైజులో దొరుకుతుంది.

పాత పర్కొలేటర్ (తిరుపతి)

ఈ డబుల్ వాల్ కన్నా ముందు ఇంకో రకం ఉంది, దాని గురించి ఎవరూ హెచ్చరించలేదు. ఆన్‌లైన్‌లో ఐదారు వేలకి "ఎస్ప్రెసో మేకర్" అని కనిపిస్తాయి, పైన బిరడా తిప్పి నీళ్లు పోసేవి. వాటిలో పంపే ఉండదు. నీరు మరిగి పుట్టిన ఆవిరే నీటిని తోస్తుంది. 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా పేటెంట్ తీసుకున్న యంత్రం పని చేసిందీ ఈ పద్ధతిలోనే. ఒత్తిడి ఒకటిన్నర బార్ దాటడం కష్టం, నీరు మరీ వేడిగా వచ్చి పొడిని మాడుస్తుంది. అకిల్లె గ్యాజియా 1938లో ఆవిరి లేకుండా చేసే పద్ధతికి పేటెంట్ తీసుకుని, యుద్ధం అయ్యాక లీవర్ యంత్రాలు బజారులోకి తెచ్చాకే పైన ఆ బంగారు రంగు నురగ, అంటే క్రీమా, వచ్చింది. 1961లో ఫేమా కంపెనీ ఇ61 అనే మోడల్‌తో లీవర్ బదులు పంపు పెట్టింది.

చరిత్ర ఎందుకంటే, ఐదు వేల మెషీన్ కొనడమంటే డబ్బిచ్చి 1938కి ముందటి రోజుల్లోకి వెళ్లడం. ఆ బడ్జెట్‌లో మోకా పాట్ (పొయ్యి మీద పెట్టే చిన్న కాఫీ పాత్ర) నయం. దానిలోనూ ఒత్తిడి తక్కువే, కానీ అది ఎస్ప్రెసో అని బుకాయించదు.

సాగరతీరం (విశాఖపట్నం)

బార్ గొడవ తీరింది, థాంక్స్. మోకా పాట్ మా ఆవిడ ఒప్పుకోదు, నురగ కావాలి అంటోంది. మరి గ్యాజియానా, బాంబినోనా? యూట్యూబ్‌లో అందరూ గ్యాజియా అంటున్నారు.

బర్ గ్రైండర్ (హైదరాబాద్)

గ్యాజియా. ఇత్తడి గ్రూప్ (హ్యాండిల్ బిగించే తల), 58 మి.మీ., త్రీ వే వాల్వ్. షాట్, అంటే ఒకసారి కాఫీ దిగడం, అయిపోగానే ఆ వాల్వ్ ఒత్తిడిని ట్రేలోకి వదిలేస్తుంది, పొడి గట్టి బిళ్లలా ఊడి వస్తుంది. ఏ పార్టు పోయినా మార్చుకోవచ్చు. పీఐడీ (వేడిని నిలకడగా ఉంచే కంట్రోలర్) పెట్టుకోవచ్చు. పదిహేనేళ్లు వాడినవి ఇంకా నడుస్తున్నాయి.

లత వంటిల్లు (హనుమకొండ)

నేను ఒప్పుకోను. యూట్యూబ్ వాళ్లు ఏడున్నరకి ఆఫీసుకి పోరు.

మా ఇంట్లో గ్యాజియా ఉంది, బాంబినో మా చెల్లెలి దగ్గర ఉంది, రెండూ వాడతా. గ్యాజియా లైటు ఐదారు నిమిషాల్లో వెలుగుతుంది నిజమే, కానీ ఆ ఇత్తడి అంతా వేడెక్కాలంటే పావుగంట, ఇరవై నిమిషాలు ముందే ఆన్ చేసి పెట్టాలి. బాయిలర్ 100 మి.లీ. దగ్గర్లో ఉంటుంది, అదే బాయిలర్ కాఫీకీ ఆవిరికీ. షాట్ తీశాక స్టీమ్ స్విచ్ వేసి ఆగాలి. పాలు అయ్యాక మళ్లీ కాఫీ తీయాలంటే నీళ్లు వదిలి చల్లార్చాలి, లేకపోతే రెండో కప్పు మాడిన వాసన. బాంబినోలో థర్మోజెట్ అని పలచటి హీటర్. మూడు సెకన్లలో రెడీ అని కంపెనీ చెప్పేది దాదాపు నిజమే. ఖాళీ బాస్కెట్‌తో ఒకసారి వేడి నీళ్లు వదిలితే కప్పు, హ్యాండిల్ కూడా వేడెక్కుతాయి. ఆవిరి నుంచి కాఫీకి అదే సర్దుకుంటుంది.

చేతిపని ఇష్టమైతే గ్యాజియా. ఇద్దరూ స్నానాలు, టిఫిన్ల మధ్య కాఫీ తాగి పరిగెత్తేవాళ్లయితే బాంబినో.

ఆదివారం చుట్టాల సంగతి ఏ మెషీన్‌కైనా ఒకటే: ముందు షాట్లన్నీ వరసగా తీసి పెట్టుకుని, చివర్లో పెద్ద జగ్గులో పాలు ఒకేసారి కొట్టండి. కప్పుకోసారి అటూ ఇటూ మారిస్తే ఆఖరి చుట్టానికి కాఫీ అందేసరికి మొదటాయన బస్సెక్కేస్తాడు.

బర్ గ్రైండర్ (హైదరాబాద్)

లతగారి పాయింటు సరే. గ్యాజియాకి స్మార్ట్ ప్లగ్ పెట్టుకుంటే టైముకి అదే ఆన్ అవుతుంది. ప్లగ్ మాత్రం 16 యాంప్‌ది.

లత వంటిల్లు (హనుమకొండ)

ప్లగ్ పెట్టచ్చు. ఆవిరి కోసం ఆగే టైముకి ప్లగ్ ఏం చేస్తుంది?

స్పానర్ (సికింద్రాబాద్)

ప్లగ్ మాట వచ్చింది కాబట్టి. 1300 వాట్ల మెషీన్ 230 వోల్టుల దగ్గర 5.65 యాంప్స్ లాగుతుంది. 6 యాంప్ సాకెట్‌కి అది అంచు. వంటగట్టు మీద ఫ్రిజ్, మిక్సీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి ప్లగ్ కరిగించుకున్నవాళ్లని చూశా. 16 యాంప్ పవర్ పాయింట్ ఉందా లేదా అన్నది మెషీన్ ఆర్డర్ పెట్టకముందే చూసుకోండి. ఇన్వర్టర్ మీద నడపాలని ఆశ పడకండి.

నీళ్లు: మీ ఎలక్ట్రిక్ కెటిల్ అడుగు చూడండి. తెల్లగా సున్నం పేరుకుని ఉంటే అదే మెషీన్ లోపల కూడా పేరుకుంటుంది. బోరు నీళ్లు నేరుగా పోయొద్దు. ఆర్వో నీళ్లు మంచివే, కానీ టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) మరీ అడుగంటితే రుచి చప్పబడుతుంది, లోహానికీ మంచిది కాదు. ఆర్వో మీద టీడీఎస్ తిప్పే స్క్రూ ఉంటే 50 నుంచి 100 మధ్య పెట్టించుకోండి. డీస్కేలింగ్‌కి, అంటే సున్నం వదిలించడానికి, కంపెనీ చెప్పిన మందే వాడండి. నిమ్మ ఉప్పు స్టీలుకి పర్లేదు, అల్యూమినియం బాయిలర్ ఉంటే చూసుకోవాలి. వెనిగర్ వద్దు, ఆ వాసన రబ్బర్లలో ఉండిపోతుంది.

టెక్సాస్ తెలుగు (డాలస్)

మధ్యలో దూరుతున్నా. సంక్రాంతికి వస్తున్నాం, ఇక్కడ సేల్‌లో బాంబినో ప్లస్ చవగ్గా ఉంది. సూట్‌కేసులో పెట్టి మా అమ్మావాళ్లకి తెస్తే పనిచేస్తుందా? స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుంది కదా?

స్పానర్ (సికింద్రాబాద్)

తేవద్దు బ్రదర్. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. 1600 వాట్ల హీటర్‌కి రెండు, రెండున్నర కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మెషీన్ కన్నా అదే బరువు. పెట్టినా వోల్టేజీ మారుతుంది కానీ హెర్ట్జ్ మారదు. వైబ్రేషన్ పంపు కరెంటు సైకిల్‌కి ఒకసారి కొట్టుకుంటుంది. 60కి చేసింది 50 మీద నెమ్మదిస్తుంది. వారంటీ ఇక్కడ చెల్లదు. తెలియక నేరుగా 230లో పెడితే ఆ రోజే ఆఖరు.

అక్కడి నుంచి తేవాలంటే కరెంటు లేనిది తీసుకురండి: ఫ్లెయిర్ గానీ, కఫెలాట్ రోబోట్ గానీ. చేత్తో లీవర్ నొక్కేవి. వేడి నీళ్లు కెటిల్‌లో కాచుకుంటే చాలు. లోపల ఎలక్ట్రానిక్స్ లేవు, చెడిపోవడానికి రబ్బర్లే ఉన్నాయి. పాలకి మాత్రం వేరే ఏర్పాటు కావాలి.

డికాషన్ దాసు (విజయవాడ)

చేత్తో నొక్కేదానికి అంత డబ్బా? మా వీధి చివర చెరుకురసం వాడు ఊరికే నొక్కుతాడు.

అది సరే గానీ నిజంగానే అడుగుతున్నా: నా 80:20 చికోరీ పొడి ఈ మెషీన్లలో వేస్తే ఏమవుతుంది?

పాత పర్కొలేటర్ (తిరుపతి)

చికోరీ నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఫిల్టర్‌లో అది మంచిదే, డికాషన్ నిదానంగా, చిక్కగా దిగుతుంది. మెషీన్‌లో 9 బార్ కింద జిగురై దారి మూసేస్తుంది. చుక్కలు చుక్కలుగా పడితే పడుతుంది, లేకపోతే పంపు మూలుగుతుంది. మీ పొడి మీ ఫిల్టర్‌లోనే ఉండనివ్వండి.

మన్యం గింజ (పాడేరు)

మా ఊరి గింజల మాట ఇంకా రాలేదేంటి అని చూస్తున్నా. సాగరతీరం గారూ, మీరు వైజాగ్‌లో ఉండి గింజల కోసం బయటి ఊర్లు వెతకక్కర్లేదు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. మా దగ్గర సిల్వర్ ఓక్ నీడన, చెట్టుకి మిరియాల తీగ పాకించి పెంచుతాం. గిరిజన సహకార సంస్థ కొంటుంది, ప్రైవేటు వాళ్లూ కొంటారు. పళ్లు కోసేది నవంబరు నుంచి, చలికాలమంతా.

కొనేటప్పుడు ఒకటి గమనించండి. అరకు కాఫీ అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ ఫిల్టర్ కోసం ఆడించింది, కొన్నిటిలో చికోరీ కలిసి ఉంటుంది. మీకు కావాల్సింది గింజ. ప్యాకెట్ మీద వేయించిన తేదీ ఉండాలి. "బెస్ట్ బిఫోర్" ఒక్కటే ఉంటే పక్కన పెట్టేయండి. వేయించిన మర్నాడే వాడినా బాగోదు, లోపలి గ్యాస్ పోవడానికి ఒక వారం ఇవ్వండి. మొదట్లో మీడియం డార్క్ తీసుకోండి. లైట్ రోస్ట్‌తో చిన్న మెషీన్లలో పులుపు తప్ప ఏమీ రాదు. నురగ మందంగా కావాలంటే కొంచెం రోబస్టా రకం గింజ కలిసిన బ్లెండ్ అడగండి, పాలల్లో కూడా కాఫీ రుచి నిలబడుతుంది.

సాగరతీరం (విశాఖపట్నం)

ఇంత సమాచారం ఎక్కడా దొరకలేదు. ఇంట్లో ఓటింగ్ పెట్టాం. బాంబినో గెలిచింది, లతగారి పోస్టు మా ఆవిడకి చూపించడమే కారణం. గ్రైండర్‌కి ఎలక్ట్రిక్‌కి వెళ్లాలా, చేత్తో తిప్పేదా? సెకండ్ హ్యాండ్‌లో ఒక గ్యాజియా కూడా మంచి ధరకి కనిపిస్తోంది, టెంప్టేషన్ ఆగట్లేదు.

బర్ గ్రైండర్ (హైదరాబాద్)

చేతిదే. ఆ డబ్బుకి ఎలక్ట్రిక్‌లో వచ్చేవాటి కన్నా చేతి గ్రైండర్ల బర్ (గింజని నూరే పళ్ల చక్రం) మేలు. కింగ్‌రైండర్ కె6 చూడండి, పొడి సైజు మార్చే ఒక్కో క్లిక్‌కి బర్ 16 మైక్రాన్లు కదులుతుంది. వన్‌జెడ్‌ప్రెస్సో జెఎక్స్ ప్రో అయితే 12.5. ఎస్ప్రెసోకి ఆ సన్నటి మెట్లే ముఖ్యం, ఎందుకంటే ఒక్క క్లిక్‌తో షాట్ టైము కొన్ని సెకన్లు మారిపోతుంది. మామూలు పోర్ ఓవర్ (పై నుంచి నీళ్లు పోసి వడకట్టే కాఫీ) గ్రైండర్లలో ఒక క్లిక్ దగ్గర ధార పరిగెడుతుంది, తర్వాతి క్లిక్ దగ్గర ఆగిపోతుంది, మధ్యలో ఏమీ ఉండదు. రెండు కప్పులకి తిప్పడం ఓపికే. రోజూ ఐదు కప్పులైతే చెప్పను.

స్పానర్ (సికింద్రాబాద్)

సెకండ్ హ్యాండ్ గ్యాజియా చూడటానికి వెళ్తే, మీరు వచ్చేదాకా ఆన్ చేయొద్దని అమ్మేవాళ్లకి చెప్పండి. చల్లటి మెషీన్‌ని మీ ఎదురుగా ఆన్ చేయించాలి. వేడెక్కాక స్టీమ్ ట్యాప్ కట్టేసి ఉన్నప్పుడు గొట్టం నుంచి చుక్కలు కారుతున్నాయా చూడండి. హ్యాండిల్ బిగించి షాట్ తీయించండి, అంచుల వెంట నీరు చిమ్మితే రబ్బరు గట్టిపడింది, అది చిన్న ఖర్చే. కింద జల్లెడ స్క్రూ విప్పి చూపించమనండి. వెనక నల్లటి జిడ్డు ఉంటే కడగొచ్చు, తెల్లటి పెచ్చులు ఉంటే బాయిలర్ లోపల ఇంకా ఉంటాయి, ధర అక్కడే తగ్గించి అడగండి. పంపు పెద్ద భయం కాదు, ఇటలీ ఉల్కా పంపులే చాలా మెషీన్లలో ఉంటాయి, విడిగా దొరుకుతాయి.

మీ ఊళ్లో సర్వీసు ఉందా లేదా అన్నది కూడా అడగండి, కొత్తదైనా సరే. నా దగ్గరికి వచ్చే వాళ్లలో సగం మంది మెషీన్‌ని వేరే రాష్ట్రానికి కొరియర్ చేసి నెలల తరబడి ఎదురుచూసి విసిగిపోయినవాళ్లే. అట్టపెట్టె, థర్మకోల్ పారేయకండి.

సాగరతీరం (విశాఖపట్నం)

మెషీన్ వచ్చింది! బాంబినో, కె6, అరకు మీడియం డార్క్. సింగిల్ వాల్ బాస్కెట్‌లో 18 గ్రాములు వేశా. 36 గ్రాముల కాఫీ పదకొండు సెకన్లలో పడిపోయింది. పలచగా, నోరు ముడుచుకుపోయేంత పులుపు. నాన్నగారు ఒక గుక్క తాగి ఏమీ అనకుండా తన గ్లాసు తెచ్చుకున్నారు. ట్యాంపింగ్ ఇంకా గట్టిగా నొక్కాలా?

బర్ గ్రైండర్ (హైదరాబాద్)

ట్యాంపింగ్‌తో పోదు. సన్నగా ఆడించండి. 18 గ్రాములు, 36 గ్రాములు అలాగే ఉంచి క్లిక్కులు మాత్రమే మార్చండి, ఒకేసారి రెండు విషయాలు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మూడు నాలుగు క్లిక్కులు తగ్గించి చూడండి. 25 నుంచి 30 సెకన్ల మధ్యకి రావాలి. ఆడించిన పొడిలో ఉండలు కనిపిస్తే సన్నటి సూదితో కలిపి, సమంగా పరిచి అప్పుడు నొక్కండి. ధార మొదట్లో ముదురు గోధుమ రంగులో సన్నగా మొదలై, పోను పోను లేత రంగుకి తిరుగుతుంది. బాగా తెల్లబడే ముందే ఆపేయాలి.

అప్పుడూ పులుపు ఉంటే 40 గ్రాముల వరకు పోనివ్వండి. చేదైతే ఒక క్లిక్ వెనక్కి.

లత వంటిల్లు (హనుమకొండ)

పాల సంగతి ఎవరూ చెప్పలేదు. కాచి చల్లార్చిన పాలు వాడకండి, మీగడ ముక్కలు నురగలో తేలతాయి, ఆవిరి గొట్టం రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే కాబట్టి ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా జగ్గులో పోయండి. మా అత్తయ్య ఇప్పటికీ "పచ్చిపాలు పోస్తున్నావేంటే" అంటారు, అలవాటైపోయింది. టోన్డ్ పాలతో (3 శాతం వెన్న) నురగ తేలిగ్గా వస్తుంది, ఫుల్ క్రీమ్‌తో (6 శాతం) రుచి చిక్కగా ఉంటుంది కానీ చేయి తిరగాలి.

గొట్టం కొస పాల మీది అంచుకి కొద్దిగా కింద ఉంచండి, కాగితం చింపినట్టు చిన్న శబ్దం రావాలి. నాలుగైదు సెకన్లు అలా గాలి ఎక్కించి, తర్వాత కొస ఇంకాస్త దించి, పాలు గుండ్రంగా సుడి తిరిగేలా జగ్గు వంచి పట్టుకోండి. బయట అరచెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి రాగానే ఆపేయండి, అది 60, 65 డిగ్రీలు. 70 దాటితే నురగ విరుగుతుంది. ఆపిన వెంటనే తడిబట్టతో గొట్టం తుడిచి ఒకసారి ఆవిరి వదలండి. ఎండిపోయిన పాలు తీయడం నరకం.

సాగరతీరం (విశాఖపట్నం)

నాలుగు క్లిక్కులు తగ్గిస్తే 27 సెకన్లు! పులుపు పోయింది, చివర్లో చాక్లెట్ లాంటి రుచి తగిలింది. పాలు ఇంకా బుడగలు బుడగలుగానే వస్తున్నాయి, ప్రాక్టీసు చేస్తాం. ఇంకో డౌట్: గింజలు కిలో తీసుకుంటే చవక అంటున్నారు. తీసుకోనా?

మన్యం గింజ (పాడేరు)

ఇద్దరికి కిలో వద్దండీ, మీ సముద్రపు గాలికి అసలు వద్దు. 250 గ్రాములవి తీసుకోండి. చవగ్గా వస్తోందని కిలో కొనేస్తే, వారానికి సరిపడా చిన్న చిన్న ఎయిర్‌టైట్ డబ్బాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. డబ్బా బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, తీస్తే గింజల మీద చెమ్మ పట్టేస్తుంది.